హార్డ్ డిస్క్ మన్నిక: కంపెనీ పేరును ఎంతవరకు నమ్మవచ్చు?

హార్డ్ డిస్క్ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, ఎందుకంటే అది తిరిగే యంత్రం. కంప్యూటర్‌లో ఫ్యాన్లను పక్కన పెడితే ఏళ్ల తరబడి తిరుగుతూ ఉండే భాగం అదొక్కటే. మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌లో ప్లాటర్లనే పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. మూడున్నర అంగుళాల డిస్క్‌లో పళ్లెం అడ్డుకొలత సుమారు 95 మిల్లీమీటర్లు. ఆ లెక్కన దాని అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. దాని మీదుగా, దానికి తగలకుండా, సమాచారాన్ని రాసి చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. రెంటి మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఏ నాలుగైదు భాగాలో అవుతుంది. ఈ సందులోకి కంటికి కనిపించని ధూళి కణం దూరినా, నడుస్తున్న డిస్క్‌కు గట్టి దెబ్బ తగిలినా హెడ్ పళ్లేన్ని గీరేస్తుంది.

పాడయ్యే తీరులు పలు రకాలు. హెడ్ గీరినప్పుడు పళ్లెం మీది అయస్కాంత పూత లేచిపోతుంది. ఫొటోలూ పత్రాలూ ఉండేది ఆ పూతలోనే కాబట్టి అక్కడికి అవి పోయినట్టే. మోటారు బేరింగు పట్టేస్తే పళ్లేలు తిరగవు గానీ వాటి మీది సమాచారం చెక్కుచెదరదు. కరెంటు హెచ్చుతగ్గులకు సర్క్యూట్ బోర్డు కాలిపోవచ్చు. పూత బలహీనపడిన చోట్లు చదవడానికి లొంగకపోవచ్చు. వీటినే బ్యాడ్ సెక్టార్లు అంటారు. యంత్రమంతా బాగున్నా డిస్క్‌ను లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్ లెక్క తప్పితే డిస్క్ మొత్తం బిగుసుకుపోతుంది. పోయే ముందు కొన్ని డిస్కులు టక్ టక్‌మని కొట్టుకుంటాయి. హెడ్ తన చోటు దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ వెతుక్కునే చప్పుడు అది. కొన్ని మాత్రం రాత్రి బాగానే పనిచేసి, పొద్దున కంప్యూటర్ వేసేసరికి కనిపించకుండా పోతాయి.

నాలుగు డిస్కుల అనుభవం

పెళ్లి వీడియోలు, పిల్లల చిన్నప్పటి ఫొటోలు, కొట్టు లెక్కలు ఒక్క దెబ్బకు పోగొట్టుకున్నవారికి ఆ డిస్క్ మీది పేరు జన్మలో మరపురాదు. ఇక ఆ కంపెనీ సరుకు ఇంటి గడప తొక్కనివ్వమని ఒట్టు పెట్టుకుంటారు. అదే కంపెనీ డిస్క్‌ను పక్కింట్లో పదేళ్లుగా నిక్షేపంలా వాడుతూ ఉంటారు; వాళ్లు ఇంకో పేరు చెబితే వినరు. సీగేటా, డబ్ల్యూడీ అనే వెస్టర్న్ డిజిటలా అన్న వాదన కంప్యూటర్ వాడేవారిలో ఎంత పాతదో అంత ఎడతెగనిది. సికింద్రాబాద్‌లోని సీటీసీ లాంటి కంప్యూటర్ బజారులో నాలుగు కొట్లు తిరిగితే నాలుగు రకాల తీర్పులు వినవచ్చు. ఒక్కో తీర్పు వెనుకా నిజమైన అనుభవమే ఉంటుంది. చిక్కల్లా ఆ అనుభవం పరిమాణంలోనే ఉంది.

ఒక చిన్న లెక్క దీన్ని తేటపరుస్తుంది. ఒక కంపెనీ డిస్కుల్లో ఏడాదికి నూటికి రెండు పాడవుతాయని, ఇంకో కంపెనీవి నూటికి నాలుగు పాడవుతాయని అనుకుందాం. రెండోది మొదటిదానికంటే సరిగ్గా రెండింతలు అధ్వాన్నం. ఒక ఇంట్లో మొదటి కంపెనీ డిస్కులు నాలుగు, ఇంకో ఇంట్లో రెండో కంపెనీవి నాలుగు, అయిదేళ్ల పాటు వాడారు. మొదటి కంపెనీ డిస్కులు కొన్న ఇళ్లు వంద ఉంటే అందులో దాదాపు 33 ఇళ్లవారు ఒక్క డిస్కయినా పోగొట్టుకుంటారు. రెండో కంపెనీవి కొన్న వంద ఇళ్లలో దాదాపు 44 ఇళ్లకు ఒక్క డిస్క్ కూడా పోదు. అంటే మంచి సరుకు కొన్నవారిలో మూడోవంతు మంది దాన్ని తిట్టుకుంటారు, చెడ్డ సరుకు కొన్నవారిలో సగానికి కాస్త తక్కువ మంది దాన్ని మెచ్చుకుంటారు. ఎవరూ అబద్ధం చెప్పరు. అయినా వాళ్ల మాటల్ని బట్టి ఏది మంచిదో తేల్చడం కుదరదు.

నిజ జీవితంలో తేడాలు చాలాసార్లు ఇంతకంటే తక్కువ. డిస్క్ పోవడంలో నష్టం మాత్రం పెద్దది, అందుకే ఒక్కసారి జరిగినది మనసులో వందసార్లు జరిగినంతగా నిలిచిపోతుంది. సవ్యంగా పనిచేసిన డిస్కుల గురించి ఎవరూ చెప్పుకోరు. పైగా ఒకసారి ఒక కంపెనీని ఎంచుకున్నాక ఆ ఎంపిక సరైనదేనని చూపే ఉదాహరణలే కంటికి ఆనుతాయి. డేటా రికవరీ చేసేవారి దగ్గరికి ఏ కంపెనీ డిస్కులు ఎక్కువ వస్తున్నాయో చూసి తేల్చవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడా ఇదే తంటా: ఏ కంపెనీవి ఎక్కువ అమ్ముడైతే ఆ కంపెనీవే ఎక్కువ వస్తాయి. ఎన్ని పాడయ్యాయో తెలిస్తే చాలదు, మొత్తం ఎన్ని వాడుకలో ఉన్నాయో కూడా తెలియాలి. ఆ రెండో అంకె రికవరీ కొట్లో దొరకదు.

పది లక్షల గంటల మాట

మరి ఆ అంకె తయారీదారుల దగ్గర ఉంటుంది కదా? ఉంటుంది, కానీ వాళ్లు కొనేవారికి ఇచ్చేది వేరే అంకె. డిస్క్ వివరాల పత్రంలో రెండు వైఫల్యాల మధ్య సగటు కాలం అని ఒక వరుస ఉంటుంది. అక్కడ పది లక్షల గంటలు, పదిహేను లక్షల గంటలు అని రాసి ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి పది లక్షల గంటలంటే 114 ఏళ్లు. ఏ డిస్కూ అన్నాళ్లు బతకదు. ఆ మాటకు అసలు అర్థం వేరు: చాలా డిస్కుల్ని ఒకేసారి నడిపితే, వాటి మామూలు ఆయుష్షులోపల, ఏడాదికి 0.88 శాతం పాడవుతాయని అంచనా. అది కూడా ఫ్యాక్టరీలో తక్కువ కాలం, ఎక్కువ వేడిలో చేసే పరీక్షల నుంచి లెక్కగట్టినది.

ఈ అంచనా నిజ జీవితంలో నిలబడుతుందా అన్నది 2007లో తేలింది. ఆ ఏడాది అమెరికాలో ఒకే సదస్సులో రెండు పరిశోధనలు బయటికి వచ్చాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ దాదాపు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. ఏడాదికి మార్చాల్సి వచ్చిన డిస్కులు చాలాచోట్ల నూటికి రెండు నుంచి నాలుగు దాకా ఉన్నాయి. కొన్నిచోట్ల పదమూడు దాకా వెళ్లాయి. ఖరీదైన సర్వర్ డిస్కులు చవక డిస్కుల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయన్న నమ్మకానికి కూడా ఆ రికార్డుల్లో ఆధారం దొరకలేదు. గూగుల్ ఇంజనీర్లు తమ సొంత కేంద్రాల్లోని లక్షకు పైగా డిస్కుల్ని గమనించారు. తొలి ఏడాదిలో పాడైనవి 1.7 శాతం, మూడో ఏటికి 8.6 శాతం. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ కాలంలో తయారైంది అన్నదాన్ని బట్టి తేడాలు బలంగా ఉన్నాయని వాళ్లు రాశారు. ఆ పేర్లు మాత్రం బయటపెట్టలేదు. మామూలు జనానికి కావలసింది సరిగ్గా అదే, అది మూసిన తలుపు వెనుకే ఉండిపోయింది.

డెస్క్‌స్టార్ కథ

కంపెనీ పేరును నమ్ముకోవడంలో ఎంత చిక్కుందో చూపడానికి ఐబీఎం డెస్క్‌స్టార్‌ను మించిన ఉదాహరణ లేదు. హార్డ్ డిస్క్‌ను ప్రపంచానికి ఇచ్చిందే ఐబీఎం. 1956లో రామాక్ అనే యంత్రంతో పాటు వచ్చిన మొదటి డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిసి దాచుకోగలిగింది 50 లక్షల అక్షరాలు. అప్పటి నుంచి నలభై ఏళ్ల పాటు ఈ రంగంలో పెద్ద పెద్ద ముందడుగులు చాలావరకు ఆ కంపెనీ ప్రయోగశాలల నుంచే వచ్చాయి. కాబట్టి 2000లో డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ అనే మోడల్ వచ్చినప్పుడు దాన్ని అనుమానించేవారు ఎవరూ లేరు. నిమిషానికి 7,200 చుట్లు, 75 జీబీ దాకా చోటు, అల్యూమినియం బదులు గాజు పళ్లేలు. వేగంలో దానికి సాటి లేదని పత్రికలు రాశాయి. తెలిసినవాళ్లు తమ వాళ్లందరికీ అదే కొనమన్నారు.

ఏడాది తిరగకుండానే అవి వరసగా పోవడం మొదలైంది. టక్ టక్‌మన్న చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. వారంటీలో వచ్చిన మారు డిస్క్ కూడా కొన్ని నెలల్లో అదే దారి పట్టిందని ఎందరో వాపోయారు. డెస్క్‌స్టార్ అన్న పేరును జనం డెత్‌స్టార్‌గా మార్చేశారు. 2001లో కొనుగోలుదారులంతా కలిసి అమెరికాలో దావా వేశారు. అది 2005లో రాజీతో ముగిసింది. ఈలోగా తర్వాతి మోడల్ 120జీఎక్స్‌పీ వివరాల్లో నెలకు 333 గంటలు, అంటే రోజుకు పదకొండు గంటలు మాత్రమే నడపాలన్నట్టుగా ఒక వరుస కనిపించేసరికి మిగిలిన నమ్మకం కూడా సడలింది. ఐబీఎం తన డిస్కుల వ్యాపారాన్ని జపాన్‌కు చెందిన హిటాచీకి 205 కోట్ల డాలర్లకు అమ్మడానికి 2002లో ఒప్పుకుంది.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. హిటాచీ ఆ ఫ్యాక్టరీలనూ ఇంజనీర్లనూ తీసుకుంది, డెస్క్‌స్టార్ పేరునూ ఉంచుకుంది. పదేళ్ల తర్వాత, కాలిఫోర్నియాలో బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ సంస్థ తన దగ్గర నడిచే వేలాది డిస్కుల్లో ఏవి ఎన్ని పాడవుతున్నాయో కంపెనీ పేర్లతో సహా బయటపెట్టింది. అది 2014 జనవరి. ఆ పట్టికలో అన్నిటికంటే తక్కువగా పాడైనవి హిటాచీవి, వాటిలో డెస్క్‌స్టార్లే ఎక్కువ. 2001లో చేదు అనుభవంతో ఆ పేరు మీద ఒట్టు పెట్టుకున్నవారు ఆ ఒట్టును నిలబెట్టుకుని ఉంటే, పదేళ్ల తర్వాత బజారులో దొరికే అత్యంత గట్టి డిస్కుల్నే కాదనుకున్నట్టు. అనుభవం నిజం, కోపం న్యాయం. అవి చెందింది మాత్రం ఒక మోడల్‌కు, ఆ తర్వాత తయారైనవాటికి కాదు.

మరో మూడు దెబ్బలు

ఇలాంటి పతనాలు దాదాపు ప్రతి కంపెనీ చరిత్రలోనూ ఉన్నాయి. కారణం ప్రతిసారీ కొత్తది. ఫుజిత్సు సంగతే చూస్తే, 2000 ప్రాంతంలో వచ్చిన ఎంపీజీ వరుస డిస్కుల్లో పళ్లేలకూ హెడ్‌కూ ఏ లోపమూ లేదు. సర్క్యూట్ బోర్డు మీద వేరే కంపెనీ నుంచి కొన్న చిప్ ఒకటి ఉండేది. ఆ చిప్‌ను కప్పే ప్లాస్టిక్ పూతలో మంటలు అంటుకోకుండా ఎర్ర భాస్వరం కలిపారు. తేమ, వేడి తగిలేకొద్దీ ఆ భాస్వరం లోపల షార్టయ్యే పరిస్థితి తెచ్చింది. డిస్క్ కొన్నాళ్లు పనిచేశాక ఉన్నట్టుండి కంప్యూటర్‌కు కనిపించకుండా పోయేది. చివరికి తప్పు ఎవరిదన్న దానిపై చిప్ కంపెనీకీ ఫుజిత్సుకూ కోర్టులో గొడవ జరిగింది. డెస్క్‌టాప్ డిస్కుల వ్యాపారం నుంచే ఫుజిత్సు తప్పుకుంది. పెట్టె మీద ఫుజిత్సు అని చదివి కొన్న మనిషికి, లోపలి ఒక చిప్ మీది పూత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే వీలేది?

సీగేట్‌కు 2009 జనవరిలో వచ్చిన కష్టం ఫర్మ్‌వేర్‌ది. బారకుడా 7200.11 వరుసలో లోపలి లెక్కల చిట్టా ఒక ప్రత్యేకమైన అంకె దగ్గర ఉన్నప్పుడు కంప్యూటర్ వేస్తే, డిస్క్ బిగుసుకుపోయేది. లోపల సమాచారమంతా పదిలంగానే ఉండేది, అందుకునే దారి మాత్రం మూసుకుపోయేది. కంపెనీ విడుదల చేసిన మొదటి సవరణ కొన్ని డిస్కుల్ని మరింత చెడగొట్టింది. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. ఇలా చిక్కుకున్నవారికి ఉచితంగా డేటా రికవరీ చేస్తామని సీగేట్ ప్రకటించింది. ఈలోగా ఔత్సాహికులు సీరియల్ కేబుల్‌తో డిస్క్‌కు నేరుగా ఆదేశాలు పంపి, ఆ చిట్టాను తుడిచేసి, ఇంట్లోనే డిస్కుల్ని బతికించే పద్ధతి కనిపెట్టి అందరికీ చెప్పారు. కంప్యూటర్ వాడకందారులు ఒకరికొకరు చేసిన మేళ్లలో దీన్ని గొప్పగా చెప్పుకోవాలి.

మూడోది 2011 చివర్లో మొదలై, నాలుగేళ్ల దాకా సాగింది. అప్పట్లో ప్రపంచానికి కావలసిన హార్డ్ డిస్కుల్లో పెద్ద వాటా థాయిలాండ్‌లో తయారయ్యేది. ఆ ఏడాది అక్టోబరు వరదల్లో బ్యాంకాక్‌కు ఉత్తరాన ఉన్న బాంగ్ పా-ఇన్‌లో వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ నీట మునిగింది. డిస్కుల మోటార్లు తయారుచేసే కర్మాగారాలూ ఆగిపోయాయి. కొన్ని వారాల్లోనే డిస్కుల ధరలు రెండింతలకు వెళ్లాయి. బ్యాక్‌బ్లేజ్ వంటి సంస్థలు చిల్లర దుకాణాల్లో అమ్మే ఎక్స్‌టర్నల్ డిస్కుల్ని కొని, డబ్బా విప్పి, లోపలివి సర్వర్లలో బిగించుకోవాల్సి వచ్చింది. అలా 2012లో ఆ సంస్థలోకి 4,829 సీగేట్ 3 టీబీ డిస్కులు చేరాయి. మోడల్ ఎస్‌టీ3000డీఎం001. 2015 మార్చి ఆఖరుకు వాటిలో 1,423 పాడైపోయాయి, అంటే నూటికి దాదాపు ముప్పై. 2016లో దీని మీద కూడా కొనుగోలుదారులు అమెరికాలో దావా వేశారు.

ఈ అంకె చూసి సీగేట్ మొత్తం చెడ్డదని చాలామంది తీర్మానించుకున్నారు. అదే బ్యాక్‌బ్లేజ్ పట్టికల్లో, అదే సీగేట్ తర్వాత తెచ్చిన 4 టీబీ మోడల్ వేల సంఖ్యలో నడిచి ఏడాదికి నూటికి మూడుకు అటూ ఇటూ మాత్రమే పోయింది. 6 టీబీ మోడల్ ఒకటి ఎనిమిదేళ్లు పైబడ్డాక కూడా సగటున ఏడాదికి ఒక శాతం దగ్గరే నిలిచింది. నూటికి ముప్పై పోగొట్టిన కంపెనీదే ఆ డిస్క్ కూడా. బ్యాక్‌బ్లేజ్ అంకెలకు కూడా హద్దులు ఉన్నాయి. ఇంటి వాడకం కోసం చేసిన డిస్కుల్ని అక్కడ పదులకొద్దీ ఒకే పెట్టెలో పక్కపక్కన బిగించి, రాత్రీ పగలూ ఆపకుండా నడిపేవారు. ఒకదాని కంపనం ఇంకోదానికి తగులుతుంది. ఇంట్లో రోజుకు నాలుగు గంటలు నడిచే డిస్క్‌కు ఆ శాతాలు యథాతథంగా వర్తించవు. అయినా మోడల్‌కూ మోడల్‌కూ మధ్య పోలిక తెలియడానికి బయటి మనిషికి దొరికే లెక్కల్లో అంతకు మించినవి లేవు. ఆ సంస్థ వాటిని నేటికీ మూడు నెలలకోసారి ఉచితంగా ఇస్తోంది. దాని డిస్కులన్నీ కలిపి చూస్తే 2023లో 1.70 శాతం, 2024లో 1.57 శాతం పాడయ్యాయి. హార్డ్ డిస్కులు మొత్తం మీద మెరుగయ్యాయనే చెప్పాలి.

ఒకరి పేరు కింద ఇంకొకరు

కంపెనీ పేరును నమ్మడంలో ఇంకో చిక్కు, ఆ పేరు వెనుక ఉన్నవారు మారిపోతూ ఉండడం. చరిత్రలో రెండువందలకు పైగా కంపెనీలు హార్డ్ డిస్కులు చేశాయి. ఇప్పుడు మిగిలినవి మూడు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. 1990ల్లో కంప్యూటర్ కొన్నవారికి గుర్తుండే కానర్‌ను 1996లో సీగేట్ కొంది. క్వాంటమ్ డిస్కుల విభాగం 2001లో మాక్స్‌టార్‌కు, ఆ మాక్స్‌టార్ 2006లో సీగేట్‌కు చేరాయి. శామ్‌సంగ్ డిస్కుల విభాగం కూడా 2011లో సీగేట్‌కే వెళ్లింది. ఫుజిత్సు విభాగాన్ని 2009లో తోషిబా తీసుకుంది. హిటాచీ విభాగాన్ని వెస్టర్న్ డిజిటల్ 2012లో కొంది; ఆ కొనుగోలును ఒప్పుకోవడానికి నియంత్రణ సంస్థలు పెట్టిన షరతు వల్ల కొన్ని మూడున్నర అంగుళాల తయారీ వరుసలు తోషిబాకు ఇవ్వాల్సి వచ్చింది. సీగేట్ అంటే గిట్టక మాక్స్‌టార్ కొనేవారు 2006 తర్వాత డబ్బు ఇచ్చింది సీగేట్‌కే. ఐబీఎం మీద కోపంతో డబ్ల్యూడీకి మారినవారు 2012 నాటికి ఆ పాత ఐబీఎం ఇంజనీర్ల వారసుల దగ్గరికే తిరిగి వచ్చారు.

వారంటీ కాలం కూడా మన్నికకు కొలబద్ద అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది, కానీ అది వ్యాపార నిర్ణయం కూడా. 2002 అక్టోబరులో సీగేట్, మాక్స్‌టార్, వెస్టర్న్ డిజిటల్ మూడూ మామూలు డెస్క్‌టాప్ డిస్కుల వారంటీని మూడేళ్ల నుంచి ఏడాదికి తగ్గించాయి. 2004లో సీగేట్ పోటీలో పైచేయి కోసం దాన్ని అయిదేళ్లకు పెంచింది. థాయిలాండ్ వరదల తర్వాత, పోటీ సన్నగిల్లాక, మళ్లీ కోత పడింది. ఇన్నిసార్లు డిస్కుల మన్నిక అంత పెరిగి అంత తగ్గిందని ఎవరూ అనలేరు. వారంటీలో వచ్చేది కూడా మారు డిస్కే. అందులో ఉండాల్సిన ఫొటోలు రావు.

నమ్మకం దెబ్బతినడానికి డిస్క్ పాడవనక్కర్లేదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ వరుసలోని కొన్ని డిస్కుల్లో రాసే పద్ధతిని చెప్పకుండా మార్చిందని బయటపడింది. ఇంటి పైకప్పు మీద పెంకుల్లా ఒక గీతను పక్క గీత కొంత కప్పేలా రాస్తే అదే పళ్లెంలో ఎక్కువ సమాచారం పడుతుంది. అయితే ఒకచోట మార్చాలంటే దాని పక్కవన్నీ తిరిగి రాయాలి. పలు డిస్కులు కలిపి వాడే పెట్టెల్లో, ఒకటి పోయి కొత్తది పెట్టి సమాచారాన్ని తిరిగి నింపుకునేటప్పుడు, ఈ డిస్కులు విపరీతంగా ఆలస్యం చేశాయి, కొన్నిసార్లు మధ్యలో విఫలమయ్యాయి. ఆ వరుసను అమ్మిందే అలాంటి పెట్టెల కోసం. డిస్క్ చెడిపోవడం వేరు, కొనేవాడికి తెలియాల్సింది దాచడం వేరు. రెండోదానికి కోపగించుకోవడం పూర్తిగా సబబే. విమర్శల తర్వాత కంపెనీ ఏ డిస్క్‌లో ఏ పద్ధతో ప్రకటించింది. 2025 మొదట్లో జర్మనీలో ఇంకో మోసం వెలుగు చూసింది. వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కులు, గంటల లెక్క చెరిపేసి, కొత్తవిగా దుకాణాలకు చేరాయి. డిస్క్ లోపల విడిగా ఉండే మరో లెక్క ద్వారా అసలు వాడకం బయటపడింది. ఇందులో కంపెనీ పేరు ఎంత గొప్పదైనా ఒరిగేదేమీ లేదు, ఏ చేతుల మీదుగా వచ్చిందన్నదే ముఖ్యం.

ముందే తెలుసుకోవచ్చా

డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే రాసుకుంటాయి. స్మార్ట్ అనే ఈ ఏర్పాటు 1990ల మధ్య నుంచి ఉంది. ఎన్ని గంటలు నడిచింది, ఎంత వేడెక్కింది, ఎన్ని సెక్టార్లు చెడితే వాటి బదులు వేరే చోటు వాడుకోవాల్సి వచ్చింది వంటివన్నీ అందులో ఉంటాయి. ఉచితంగా దొరికే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో వంటి ప్రోగ్రాముతో ఎవరైనా చూడవచ్చు. అందులో డజన్ల కొద్దీ వరుసలు కనిపించి గాభరా పెడతాయి గానీ, బ్యాక్‌బ్లేజ్ అనుభవంలో పనికొచ్చేవి అయిదు: 5, 187, 188, 197, 198 సంఖ్యలు గలవి. సామాన్యుడు 5, 197 చూసుకున్నా చాలు. మొదటిది ఇప్పటికే మార్చేసిన సెక్టార్ల లెక్క, రెండోది అనుమానంలో ఉన్నవాటిది. ఇవి సున్నా దాటి వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఆశ వదులుకుని, ఉన్నదంతా అదే రోజు వేరేచోటికి తీసుకోవడం మంచిది.

అన్నీ సున్నాలే ఉంటే భయం లేదని మాత్రం అనుకోకూడదు. బ్యాక్‌బ్లేజ్‌లో పాడైన డిస్కుల్లో దాదాపు నాలుగోవంతు ఈ అయిదింటిలో ఏ హెచ్చరికా చూపలేదు. గూగుల్ పరిశోధనలో ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏదీ కదలకుండానే పోయినవి 56 శాతం. వేడి గురించి కూడా ఆ పరిశోధన కొంత ఆశ్చర్యపరిచింది. మామూలు స్థాయిలో వేడి ఎక్కువైతే డిస్కులు ఎక్కువ పోతాయన్న సంబంధం అందులో కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ వయసు మీరిన డిస్కుల్లోనే తేడా తెలిసింది. ఇంట్లో ఏసీ లేదని హార్డ్ డిస్క్ గురించి దిగులు పడనక్కర్లేదు. కింద పడకుండా చూసుకోవడం, కరెంటు పోతూ వస్తూ ఉండే చోట యూపీఎస్ పెట్టుకోవడం అంతకంటే అవసరం.

కొనేటప్పుడు

పైదంతా కలిపి చూస్తే కొనేవారు అడగాల్సిన ప్రశ్న ఏ కంపెనీ అన్నది కాదు. ఏ మోడల్ అన్నది మొదట అడగాలి. డిస్క్ మీది పెద్ద అక్షరాల పేరుకంటే కింద చిన్నగా రాసిన మోడల్ నంబరు ఎక్కువ చెబుతుంది. ఒకే వరుస పేరుతో వేర్వేరు చోటు గల డిస్కులు లోపల వేర్వేరు యంత్రాలు కావచ్చు. మార్కెట్లోకి కొత్తగా వచ్చిన, అంతకుముందు లేనంత చోటు గల మోడల్‌కు ఏడాది వేచి ఉండడంలో తప్పు లేదు. 75జీఎక్స్‌పీ అయినా 3 టీబీ సీగేట్ అయినా తమ కాలానికి ముందు వరసలో ఉన్నవే. పెట్టె సీలు సరిగ్గా ఉందా, వారంటీ సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో సరిపోలుతోందా, స్మార్ట్‌లో నడిచిన గంటలు సున్నాకు దగ్గర ఉన్నాయా అన్నవి కొన్న రోజే చూసుకోవాలి.

రెండు డిస్కులు కొని ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో దాచేవారు, రెండూ ఒకే రోజు ఒకే కొట్లో ఒకే బ్యాచ్‌వి కొనకపోవడం మేలు. ఒకే లోపం రెంటిలోనూ ఉంటే రెండూ ఒకేసారి పోవచ్చు. ఇది ఊహ కాదు. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్లలో వాడే, తిరిగే భాగాలు లేని కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి ఖాతాదారుల్ని హెచ్చరించింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు, ఆగిపోతాయి. ఆ తర్వాత డిస్కూ రాదు, అందులోని సమాచారమూ రాదు. ఒకే రోజు బిగించిన ఎస్‌ఎస్‌డీలు అన్నీ దాదాపు ఒకే గంటలో ఆగిపోయేవి. అప్పుడు రెండు కాపీలున్నా నాలుగున్నా ఒకటే.

బ్యాకప్‌కు ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఇళ్లలో దీన్ని సులువుగా చేయవచ్చు. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో గానీ ఇంకో ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో గానీ. రెండు డిస్కులు జతగా నడిచే రైడ్ పెట్టె ఉంటే అదే బ్యాకప్ అని పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోల్లో చాలామంది అనుకుంటారు. ఒక డిస్క్ పోతే రైడ్ కాపాడుతుంది. పొరపాటున చెరిపేస్తే రెంటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. వైరస్ పట్టినా, పెట్టె దొంగలు ఎత్తుకుపోయినా రెండూ పోతాయి.

ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ బాధ తీరిపోయిందని కొందరి నమ్మకం. వాటిలో తిరిగే భాగాలు లేవు కాబట్టి కింద పడితే హార్డ్ డిస్క్‌లా పాడవవు, వేగమూ చాలా ఎక్కువ. అయితే ఫర్మ్‌వేర్ లోపాలు వాటికీ ఉన్నాయి. పోయే ముందు చప్పుడు చేయవు కాబట్టి ఇంట్లో ఎవరూ పసిగట్టలేరు కూడా. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి అలమారాలో పెడితే వాటిలోని సమాచారం క్రమంగా బలహీనపడే ప్రమాదం ఉంది. దాచిపెట్టడానికి హార్డ్ డిస్కే నయం. దాన్ని కూడా ఆరునెలలకోసారి తీసి, కంప్యూటర్‌కు తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.